ఇంగ్లండులో కొన్ని పాత చర్చిలు ఊరు లేకుండా పొలాల మధ్య ఒంటరిగా ఎందుకు ఉంటాయి?

అన్నిటికీ ప్లేగే కారణమనుకుంటారు. 1348-49 నాటి ఆ మహమ్మారి జనాన్ని బాగా తగ్గించింది నిజమే, కానీ చాలాచోట్ల ఊరిని చివరికి ఖాళీ చేయించినవి గొర్రెలు. యార్క్‌షైర్‌లోని వారమ్ పెర్సీ అనే ఊరినే చూడండి. ఉన్ని కోసం దున్నే నేలను పచ్చికబయలుగా మార్చి, 1500 ప్రాంతంలో మిగిలిన కుటుంబాలను వెళ్లగొట్టారు. ఇళ్లు మట్టిలో కలిసిపోయాయి. సెయింట్ మార్టిన్ చర్చి మాత్రం 20వ శతాబ్దం దాకా వాడుకలో ఉంది. ఎందుకంటే అది మొత్తం పారిష్‌కు చర్చి. పారిష్ అంటే ఒక్క ఊరు కాదు, ఒక చర్చి కిందికి వచ్చే మొత్తం పరిధి. పక్క ఊళ్లవారు అక్కడికే వచ్చేవారు.

నన్ను కదిలించేది ఆ చర్చి గోడలే. జనం పెరిగినప్పుడు పక్క నడవలు కట్టారు, తగ్గాక వాటిని కూల్చి తోరణాలను రాళ్లతో మూసేశారు. ఆ మూసిన తోరణాలు ఇప్పటికీ కనిపిస్తాయి.