గాలం ముచ్చట్లు: పైపు ముక్కలో పట్టేంత సామాను

ప్రశ్న: అన్నా, నమస్తే. మేం నలుగురం దోస్తులం, హన్మకొండలో డిగ్రీ చదువుతున్నం. సెలవు దొరికితే బండ్ల మీద లక్నవరం, తాడ్వాయి దిక్కు పోతుంటం. అడవిలో చిక్కుకుంటే చేపలన్నా పట్టుకోవచ్చని ఆన్‌లైన్‌లో చిన్న రేకు డబ్బా ఒకటి కొన్న. దాంట్లో రంగురంగుల ప్లాస్టిక్ చేపలు, పెద్ద పెద్ద కొక్కేలు, మడత కత్తి ఉన్నయి. ఇది మన చెరువుల్లో పనిచేస్తదా? మేమే చేసుకోవాలంటే ఏమేం పెట్టుకోవాలె?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: తమ్ముడూ, కత్తి ఉంచుకో. మిగతాదంతా అల్మారాలో పెట్టెయ్.

ఆ ప్లాస్టిక్ చేపలు బలమైన రాడ్డు, తిప్పే రీలు ఉన్నోళ్ల కోసం చేసినవి. దూరం విసిరి, నీళ్లలో ఈదుతున్నట్టు లాక్కుంటూ వస్తే పెద్ద చేప వెంటపడి నోట కరుచుకుంటది. నీ చేతిలో ఉండేది కట్టె, దారం. మన దిక్కు గాలం అనంగనే అందరికీ కొర్రమీను యాదికొస్తది. రాష్ట్ర చేప కదా, రుచి కూడా అట్లనే ఉంటది. కానీ కొర్రమీను పట్టాలంటే బతికున్న కప్ప కావాలె, గట్టి దారం కావాలె, అది దాక్కునే తూటికూర పొదల అంచు ఎక్కడుందో తెలిసుండాలె, అన్నిటికన్నా ఓపిక కావాలె. ఆకలైనప్పుడు ఓపిక ఎక్కడిది? ఆపదలో నీకు పడేవి పరకలు, జెల్లలు, జిలేబీలు అనే చిన్న చేపలు. సామాను వాటికి తగ్గట్టు పెట్టుకో. నేను చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఇదే. చిన్న కొక్కేనికి పెద్ద చేప కూడా ఒక్కోసారి పడతది. పెద్ద కొక్కెం మాత్రం పరక నోట్లో పట్టనే పట్టదు.

కొక్కేల నంబర్లు తిరకాసుగా ఉంటయి, దుకాణంలో జాగ్రత్తగా అడుగు. నంబరు పెరిగిన కొద్దీ కొక్కెం చిన్నదైతది. 14 కన్నా 10 పెద్దది, 10 కన్నా 6 పెద్దది. 1 దాటినంక 1/0, 2/0 అని మళ్లీ పెద్దవైతయి. నువ్వు 12, 14 నంబర్లవి పది దాకా, 8వి నాలుగైదు తీసుకో. అంతకన్నా పెద్దవి వద్దు.

తంగూసు దారం 0.25 మిల్లీమీటర్లది ఇరవై మీటర్లు చాలు. దుకాణంవాళ్లు లావుది అంటగడతరు, తీసుకోకు. లావు దారం తేటనీళ్లలో చేపకు కనబడుతది, పైగా చిన్న కొక్కెం చెవిలో దూరదు.

ఇక డబ్బా. రేకు డబ్బాకన్నా నాకు అంగుళం పీవీసీ పైపు ముక్క నచ్చుతది. బోరు వేసిన ఏ ఇంటి వెనక చూసినా పారేసిన ముక్కలుంటయి. జానెడుకు తక్కువగా కోసుకో. రెండు దిక్కులా ఎండ్ క్యాపులు పెట్టు, ఒకదానికి సొల్యూషన్ వేసి అతికించు, రెండోది చేత్తో తీసేటట్టు వదిలెయ్. కోసిన అంచు గరుకుగా ఉంటది, దారం తెగకుండా గరుకు కాగితంతో రుద్దు. పైపు మీద చిన్న బొక్క పెట్టి దారం కొస అక్కడ ముడేసి, మిగతాదంతా పైపు చుట్టూ పక్కపక్కన చుట్టు. బొక్క మీద ఎం-సీల్ ముద్ద పెడితే లోపలికి నీళ్లు పోవు. చుట్టిన దారం ఊడకుండా సైకిల్ ట్యూబును వేలెడు వెడల్పు కోసి రబ్బరు బ్యాండులాగా తొడుగు. ఇట్లాంటి రెండు మూడు బ్యాండులు ఎక్కువే తొడుక్కో. వానలో పుల్లలు అంటుకోనప్పుడు ఆ రబ్బరు ముక్క తడిసినా మండుతది.

పైపు ఇట్ల చుట్టుకుంటే అదే నీ రీలు. అతికించిన క్యాపు ఉన్న కొసను నీళ్ల దిక్కు చూపించి, ఇంకో చేత్తో బరువు కట్టిన దారాన్ని రెండు చుట్లు తిప్పి వదిలితే దారం పైపు మీది నుంచి జారుకుంటూ పోతది. రెండు సాయంత్రాలు ఇంటి ముందు ఖాళీ జాగలో కొక్కెం లేకుండ, ఉట్టి నట్టు కట్టి విసిరి చూసుకో. వాడకం తెలియని సామాను సంచిలో బరువు తప్ప ఎందుకూ పనికిరాదు.

లోపల పెట్టేవి: ముందు సెలైన్ గొట్టం. వాడేసినది ఆస్పత్రి చెత్తలో నుంచి ఏరొద్దు, మెడికల్ షాపులో కొత్తది దొరుకుతది. దాన్ని రెండంగుళాల ముక్కలు కోసి, జానెడు దారం ముందే కట్టిన కొక్కెం ఒక్కోదాంట్లో దూర్చి, రెండు కొసలు కొవ్వొత్తి మంటకు కాల్చి నొక్కు. కొక్కేలు ఒకదానికొకటి చిక్కుకోవు, తడవవు. బరువుకు సీసం ఎందుకు? సీసపు గుండును పళ్లతో నొక్కి దారానికి బిగించే అలవాటు చానామందికి ఉంటది, అది విషం. బండి మెకానిక్ దగ్గర చిన్న నట్లు నాలుగు అడుక్కో. నీళ్ల మీద తేలే బెండుకు జొన్నదంటు మంచిదే గాని నీళ్లు పీల్చి బరువెక్కుతది. తెగిన హవాయి చెప్పును శనగగింజంత ముక్కలు కోసి మధ్యల గీరితే దారం అందులో బిగుసుకుంటది. చెరువుల్లో వలలు వేసేటోళ్లు కూడా ఆ చెప్పు ముక్కలే వాడుతుంటరు. ఒక సూది, రెండు పిన్నీసులు. అయిపోయింది. గాలం కట్టె మోసుకుపోవుడు దండగ, వాగు ఒడ్డున వావిలి ఉంటది, ములుగు అడవిలో వెదురుకు కొదవా?

ముడి సంగతి కూడా చెప్తా. దారం కొసను కొక్కెం చెవిలో దూర్చి, అసలు దారం చుట్టూ ఐదారు మెలికలు తిప్పు. కొసను చెవి దగ్గర మిగిలిన చిన్న సందులోంచి తీసి, అప్పుడు ఏర్పడ్డ పెద్ద సందులోంచి ఇంకోసారి తీయి. ఉమ్మితో తడిపి మెల్లగా బిగించు. పొడి తంగూసును గుంజి బిగిస్తే ఒరిపిడి వేడికి ముడి దగ్గరే బలం చచ్చి, చేప తన్నుకున్నప్పుడు అక్కడే తెగుతది.

ఎర మోసుకుపోవాల్సిన పని లేదు. వానాకాలంలో తడి మట్టి తవ్వితే ఎర్రలు దొరుకుతయి. మీ సంచిలో చపాతీ ఉంటే పిండిలా నలిపి ముద్ద చెయ్యి, పరకలు ఎగబడతయి. పరక పైపైన తిరుగుతది, బెండు మూరెడు ఎత్తులో పెట్టు. జెల్ల అడుగున మేస్తది, పొద్దుగూకినంక, బురద నీళ్లలో బాగ పడతది. దానికి బెండు తీసేసి నట్టును నేలకు దించు.

ఇప్పుడు అసలు మాట. మన అడవిలో ఆపద అంటే ఎక్కువసార్లు వాగు పొంగుడే. 2023 జులైలో ముత్యంధార జలపాతం చూడ పోయినోళ్లు పదులమంది వాగు పొంగి అడవిలో చిక్కుకున్నరు, ఎన్డీఆర్ఎఫ్ బలగాలు పోయి బయటికి తెచ్చినయి. ఆ రాత్రి వాళ్లకు గాలం ఏం చేస్తది? పొంగిన నీళ్ల ఒడ్డుకు గాలం పట్టుకొని పోతే ఇంకో ప్రాణం పోతది. ఎత్తైన చోటు చూసుకో, ఒళ్లు తడవకుండ కాపాడుకో, ఫోను సిగ్నలు దొరికితే 112కు కొట్టు, తాగే నీళ్లు మరగబెట్టు. తిండి తర్వాత. మనిషి తిండి లేకుండ రోజుల తరబడి ఉండగలడు. 100 గ్రాముల చేప మాంసంలో 100 కేలరీల దాకా ఉంటయి, అంతే బరువు పల్లిపట్టీలో 500 దాకా ఉంటయి. అందుకే నలుగురి సంచుల్లో పల్లిపట్టీ ముందు, పైపు ముక్క ఆ తర్వాత. దారి తప్పి ఒకటి రెండు రోజులు వాగు ఒడ్డున ఆగాల్సొస్తే మాత్రం పైపు పనికొస్తది. పట్టిన చేపను పచ్చిగా, సగం కాల్చి తినొద్దు. మన నీళ్లలోని చేపలకు పురుగులుంటయి, కండ తెల్లబడి ముల్లు నుంచి విడిపోయేదాకా కాల్చాలె.

ప్రశ్న: మా బాబు పదో తరగతి. వాళ్ల మామతో వాగు కాడికి పోతుంటడు. కొక్కెం వేలికి గుచ్చుకుంటే ఏం చేయాలండి? మాకు ఆస్పత్రి దూరం.
– ఒక తల్లి, భూపాలపల్లి

జవాబు: అమ్మా, ముందు ఒక పని చేయండి. కొక్కెం మొన వెనక చిన్న ముల్లు ఉంటది, దాన్ని పట్కారుతో నొక్కి అణచమని బాబు మామతో చెప్పండి. అప్పుడు గుచ్చుకున్నా వచ్చిన దారిలోనే బయటికొస్తది. చేప జారిపోతదని పిల్లలు గొడవ చేస్తరు. దారం వదులు కానీయకుంటే జారదు.

ముల్లు అణచని కొక్కెం దిగితే, వేలి కండలో పైపైన ఉన్నప్పుడు మాత్రమే ఇట్ల తీయొచ్చు: కొక్కెం వంపు చుట్టూ గట్టి దారం మడత వేసి, చెవి ఉన్న కాడను చర్మం మీదికి నొక్కిపట్టి, దారాన్ని చర్మానికి సమంగా వెనక్కి ఒక్క ఊపున గుంజాలె. పిల్లవాడి మొహం అవతలికి తిప్పించండి, కొక్కెం ఎగిరొస్తది. కీలు దగ్గర లోతుగా దిగినా, కంటి దగ్గర గుచ్చుకున్నా ముట్టుకోవద్దు. దారం కోసేసి, కదలకుండ గుడ్డ కట్టి, ఎంత దూరమైనా ఆస్పత్రికే పోవాలె. ఎట్ల తీసినా సబ్బుతో కడగండి, ధనుర్వాతం రాకుండ వేసే సూది సంగతి డాక్టరును అడగండి.

కొక్కెం కన్నా జెల్ల ముల్లు ఎక్కువమందిని ఏడిపిస్తది. వీపు మీద ఒకటి, రెక్కలకు చెరొకటి ఉంటయి. పొడిస్తే చెయ్యి తట్టుకోగలిగినంత వేడినీళ్లలో అరగంట ఉంచితే నొప్పి దిగుతది. వేడి ఎంతుందో పెద్దోళ్లు ముందు తమ చెయ్యి పెట్టి చూసుకోవాలె. మార్పు, ఇంగిలాయి అనే చేపల ముల్లు కూడా అంతే, ఇంగిలాయిది ఇంకా బాధ.

ప్రశ్న: ఏ చెరువులోనైనా గాలం వేయొచ్చా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: వేయొద్దు. ఊరి చెరువులో చేప మీద హక్కు చానాచోట్ల అక్కడి మత్స్య సహకార సంఘానిది. చేప పిల్లలు పోసేది, కాపలా కాసేది వాళ్లే. కట్ట మీద కనబడ్డ సంఘపోళ్లను అడిగితే పరకల గాలానికి కాదనేటోళ్లు తక్కువ. అడగకుండ వేస్తే మాత్రం కొట్లాటే. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు, అక్కడ 1972 వన్యప్రాణి చట్టం నడుస్తది, అటవీశాఖ అనుమతి లేకుండ గాలం తీయొద్దు. గోదావరి మీద శివ్వారం దిక్కు పోతే ఇంకా దూరంగా ఉండు, అది మొసళ్ల కోసం పెట్టిన అభయారణ్యం.

ప్రశ్న: కొక్కేలు నిరుడు కొన్నవి, అప్పుడే తుప్పు పట్టినయి. ఏం చేయాలె?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: తుప్పు మొనకు పట్టిందంటే పారెయ్, కాడకు పట్టిందంటే గరుకు కాగితంతో రుద్దు. కొక్కేన్ని ఆరబెట్టి, కుట్టు మిషన్ నూనె ఒక చుక్క గుడ్డకు అద్ది తుడిచి పెట్టుకో. వాడేముందు సబ్బుతో కడుగు, నూనె వాసనకు చేప దగ్గరికి రాదు. తంగూసు కూడా ఎండకు పెళుసెక్కుతది. ఏటా మృగశిర ముందు ఒక మూరెడు ముడేసి గుంజి చూడు, పటుక్కున తెగితే మొత్తం మార్చు.