సగం బియ్యం కుక్కర్‌లో, సగం కడిగి పక్కన

బిడ్డా,

ఆదివారం అందరూ వచ్చి వెళ్లాక గిన్నెడు అన్నం పారబోయాల్సి వస్తోందని ఫోన్లో బాధపడ్డావు కదా. ఎక్కడ తక్కువవుతుందోనని టెన్షన్ పడి ఇంకో గ్లాసు పోస్తావు, అదే మిగిలేది. గ్లాసు బియ్యం వండితే సుమారు మూడు గ్లాసుల అన్నం అవుతుంది, పాత బియ్యమైతే ఇంకా ఒదుగుతాయి. పైగా బగారన్నం, చికెన్ చేసిన రోజు తెల్లన్నం ఎవరు తింటారు చెప్పు, చివర్లో పెరుగులోకి రెండు ముద్దలు తప్ప!

నేనైతే అనుకున్న బియ్యంలో సగమే ముందు వండుతాను. మిగతావి కడిగి నానబెట్టి పక్కన పెడతాను. మొదటి పంక్తి సగంలో ఉండగా గిన్నె చూస్తే తెలిసిపోతుంది, కావాలంటే అప్పుడే కుక్కర్ పెట్టేస్తాను, వాళ్లు మాటల్లో ఉండగానే దిగిపోతుంది. అక్కర్లేకపోతే నీళ్లు వంపేసి ఫ్రిజ్‌లో పెట్టి రాత్రికి వండుకో, లేదంటే మినప్పప్పు కలిపి దోశలకు రుబ్బేయ్.

పిల్లలకు చిన్న ప్లేట్లు పెట్టు, కొంచెం కొంచెంగా వడ్డించు. మీ పెద్దనాన్న వద్దన్నా వేసేస్తారు, ఆయన చేతికి మాత్రం గరిటె ఇవ్వకు. నాలుగు కూరలు కూడా వద్దు, పప్పు, ఒక వేపుడు, పచ్చడి, చారు ఉంటే అదే పెద్ద భోజనం.

అయినా మిగిలిందనుకో, అన్నం సాయంత్రం దాకా గట్టు మీద వదిలేయకు. వెడల్పు పళ్లెంలో పరిచి చల్లార్చి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టు, మే నెల ఎండల్లో అయితే ఇంకా ముందే. బయట ఉన్న అన్నంలో ఒక రకం బ్యాక్టీరియా పెరిగి విషం తయారవుతుంది, మళ్లీ వేడి చేసినా అది పోదు. పొద్దున తాళింపు వేసి పులిహోర కలుపుకో. పప్పు మిగిలితే చపాతీ పిండిలో కలిపేయ్.

పనామెకు ఇస్తాలే అని ఎక్కువ వండటం నాకు నచ్చదు. ఇవ్వాలనుకుంటే వండగానే వేడిగా డబ్బాలో పెట్టి ఇవ్వు, మనం తిన్నాక మిగిలింది కాదు.

ఎర్రగడ్డ రైతు బజార్లో చవగ్గా ఉందని కొత్తిమీర కట్టలు కట్టలు తెస్తావు, సగం కుళ్లి తడి చెత్త డబ్బాలోకే పోతుంది. బీరకాయ చెక్కు మాత్రం పారేయకు, పచ్చడికి బాగుంటుంది.

శనివారమే అందరికీ ఫోన్ చేసి ఎవరు ఏం తెస్తున్నారో అడుగు, లేకపోతే నాలుగు స్వీట్ డబ్బాలు వచ్చి కూర్చుంటాయి. గోంగూర పచ్చడి నేను తెస్తున్నాను, నువ్వు చేయకు.

మీ పెద్దమ్మ