పర్యావరణ చట్టంలో అనుభవం లేకపోతే మూట్ కోర్టు జడ్జిగా వెళ్లకూడదా?

ప్రశ్న: నేను చాలాకాలంగా సివిల్ కేసులు చూస్తున్న లాయర్ని. అంతర్జాతీయ పర్యావరణ చట్టం మీద జరిగే మూట్ కోర్టు పోటీకి (లా విద్యార్థులు ఊహించిన కేసును నిజం కోర్టులోలా వాదించే పోటీ) వాలంటీర్ జడ్జిగా రమ్మని పిలిచారు. ఆ సబ్జెక్టు కాలేజీలో చదవడమే, మళ్లీ ముట్టుకోలేదు. పిల్లల ముందు తేలిపోతానేమోనని టెన్షన్‌గా ఉంది. ఒప్పుకోమంటారా?

జవాబు: తప్పకుండా ఒప్పుకోండి. నెలల తరబడి ఆ ఒక్క సమస్య మీదే పనిచేసి వస్తారు కాబట్టి పిల్లలకు ఆ చట్టం మీకంటే బాగా తెలిసే ఉంటుంది, అందులో మీకు చిన్నతనం ఏమీ లేదు. కేసు వివరాలు, రెండు పక్షాల వాదనలు, అడగదగ్గ ప్రశ్నలతో నిర్వాహకులు సాధారణంగా బెంచ్ మెమో పంపిస్తారు. దాన్ని ముందురోజు రాత్రికి వాయిదా వేయకుండా తీరిగ్గా చదవండి.

అసలు పని ప్రశ్నలు అడగడం. మౌనంగా కూర్చునే జడ్జి అంటే పిల్లలకు పెద్ద నిరాశ, ఎందుకంటే వాళ్లు సిద్ధమైందే ప్రశ్నల కోసం. ఒక ఉదాహరణ చెప్తాను. నది ఒడ్డున కట్టిన కాగితపు గుజ్జు మిల్లు మీద అర్జెంటీనా, ఉరుగ్వేల మధ్య నడిచిన కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం 2010లో తీర్పిచ్చింది. సరిహద్దు దాటి గణనీయమైన హాని జరిగే ప్రమాదం ఉంటే పర్యావరణ ప్రభావ అంచనా చేసి తీరాలంది. అదే తీర్పులో, ముందుజాగ్రత్త సూత్రం (హాని పూర్తిగా రుజువయ్యేదాకా ఆగకుండా ముందే జాగ్రత్తపడాలనేది) ఉన్నంత మాత్రాన రుజువు చేసే భారం అవతలి పక్షం మీదికి మారిపోదని కూడా అంది. అంటే రెండు పక్షాలూ ఆ తీర్పునే చూపించుకోవచ్చు! ప్రాజెక్టు ఆపమనే పిల్లని ‘హాని జరుగుతుందని మీరేం రుజువు చేశారు?’ అనండి. కట్టుకుంటామనే పిల్లాణ్ని ‘1992లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు చేసిన రియో ప్రకటనలోని 15వ సూత్రం ప్రకారం, తీవ్రమైన లేదా కోలుకోలేని నష్టం ముప్పు ఉన్నప్పుడు, శాస్త్రీయంగా పూర్తిగా తేలలేదన్న సాకుతో నివారణ చర్యలు వాయిదా వేయకూడదు కదా?’ అనండి. ఒకరిని నిలదీసి ఇంకొకరిని వదిలేస్తే మాత్రం అన్యాయం.

మార్కులు ఏ పక్షం గెలవాలన్నదాని మీద కాదు, వాదించిన తీరు మీద వేయాలి. నదుల మీద ప్రేమ ఉన్నవాళ్లకు ఇది కష్టమే, నాకూ కష్టమే, కానీ మిల్లు తరఫున నిలబడిన పిల్లాడికి ఆ పక్షాన్ని ఇచ్చింది పోటీయే కదా. ప్రశ్న రాగానే కాగితం వదిలి సూటిగా జవాబిచ్చి, మళ్లీ తన వాదనలోకి తడబడకుండా వచ్చాడా అన్నది చూడండి. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుంటే మార్కులు కోయొద్దు, లేని తీర్పును ఉన్నట్టు చెప్తే కోయండి.

ఏ కాలేజీ అని అడగొద్దు. చాలా పోటీల్లో జట్లకు నంబర్లే ఉంటాయి. జట్టులో ఎవరైనా మీకు తెలిసినవాళ్లయితే రౌండ్ మొదలవకముందే నిర్వాహకులకు చెప్పేయండి, వేరే గదికి మారుస్తారు. చివర్లో మాట్లాడే అవకాశం ఇస్తే మీ కేసుల కథలు చెప్పకండి, ఒక్కొక్కరికి వాళ్లు దిద్దుకోగలిగిన విషయం ఒక్కటి, పేజీతో సహా, వాక్యంతో సహా చెప్పండి.