ప్లాను గీసే ముందు నడిచి చూడమ్మా

అమ్మాయీ, ఆశీస్సులు.

పాత పేటను బాగుచేసే పని నీకు అప్పగించారని చదివి చాలా సంతోషించాను. ప్లాను ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. ప్లాను తర్వాత చూద్దువుగాని, ముందు ఆ పేటలో నడువు. తెల్లవారుజామున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి. జోరున వాన పడుతున్నప్పుడు మాత్రం తప్పకుండా వెళ్లు. నీళ్లు ఏ గుమ్మం ముందు నిలుస్తాయో, ఏ సందులోంచి దారి చేసుకుంటాయో వాన చూపించినట్టు ఏ సర్వే పటమూ చూపించదు. మట్టి ఎక్కడ మిగిలి ఉందో గుర్తుపెట్టుకో, అక్కడ సిమెంటు పోయనివ్వకు.

కూల్చే మాట అన్నిటికన్నా చివర రావాలి. నిలబడి ఉన్న గోడ కోసం ఇటుకల బట్టీలో మంట ఎప్పుడో మండి ఆరిపోయింది. కూల్చి కొత్తది కడితే ఆ పొగంతా మళ్లీ మొదలు. కొత్త భవనం ఎంత పొదుపుగా కరెంటు వాడినా, కట్టేటప్పుడు వెలువడిన కార్బన్ అప్పు తీరడానికి దశాబ్దాలు పట్టవచ్చు. కూల్చక తప్పకపోతే ఆ గోడ దేనితో కట్టారో చూడు. సున్నంతో కట్టిన ఇటుకను ఉలితో మెల్లగా తడితే సున్నం రాలి ఇటుక నిండుగా చేతికొస్తుంది. సిమెంటుతో కట్టినది చాలాసార్లు ముక్కలవుతుంది. ఈ తేడా తెలియని రోజుల్లో బండ్లకొద్దీ మంచి ఇటుకను గుంతలు పూడ్చడానికి పంపాను. ఆ బాధ ఇంకా పోలేదు.

సియోల్‌లో పైవంతెన రహదారిని తీసేసి, దాని కింద కప్పెట్టిన చియోంగ్యెచియోన్ వాగును 2005లో మళ్లీ వెలికితీశారు. ఆరు కిలోమీటర్లకు కాస్త తక్కువ. వాగు వెంట చల్లబడింది, జనం నడవడానికి వచ్చారు. నాకెంతో ఇష్టమైన పని అది. అయినా ఆ నీళ్లలో ఎక్కువ భాగం హాన్ నది నుంచి మోటార్లు తోడిపోస్తున్నవే. అక్కడి చిరువ్యాపారులు ఎందరో చోటు వదలాల్సి వచ్చింది. న్యూయార్క్‌లో పాడుబడ్డ రైలు వంతెనను తోటగా మార్చి 2009లో తెరిచిన హై లైన్ చుట్టూ ఇళ్ల ధరలు బాగా పెరిగాయి.

అందుకే చెట్లు నాటడానికి ముందే అద్దెకున్నవాళ్ల సంగతి తేల్చు. పని ముగిశాక వాళ్లు అక్కడే ఉంటారన్న మాట నోటితో కాదు, కాగితం మీద ఉండాలి. ఆ కాగితం లేకుండా పని మొదలుపెట్టమని ఎవరు తొందరపెట్టినా ఒప్పుకోకు.

ఈసారి వానకు వెళ్లివచ్చి, నీళ్లు ఎక్కడ నిలిచాయో నాకు రాయి.

మీ పెదనాన్న