షియాన్ వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

అక్టోబరు రెండో వారంలో ప్రయాణం అన్నావు, మంచిపని చేశావు. ఒకటో తారీఖు నుంచి ఏడు దాకా చైనా అంతటా సెలవులు. ఆ వారం షియాన్‌లో మట్టి సైనికులు (చైనా తొలి చక్రవర్తి సమాధికి కాపలాగా మట్టితో చేసి పాతిపెట్టిన బొమ్మలు) కనబడరు, వాళ్లను చూడ్డానికొచ్చిన వాళ్ల తలలే కనబడతాయి.

ముందు పాస్‌పోర్టు సంగతి. అక్కడ పేరున్న చోట్లన్నిటా టికెట్టంటే నీ పాస్‌పోర్టు నంబరే. ఫోన్లో ముందుగా బుక్ చేసుకుని, గేటు దగ్గర అసలు పాస్‌పోర్టు చూపించాలి. జిరాక్సు పట్టుకుని వెళ్తే వెనక్కి రావలసిందే. మనవాళ్లకు చిక్కంతా ఇంటిపేరు ముందా, పేరు ముందా అన్న దగ్గర వస్తుంది. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ అడుగున రెండు వరుసల అక్షరాలుంటాయి చూడు, అందులో ఏది ముందుంటే అదే ముందు కొట్టు. అమ్మవీ నాన్నవీ కూడా నువ్వే చెయ్యి.

డబ్బుకి అలీపే అని అక్కడి చెల్లింపుల యాప్ ఫోన్లో పెట్టుకుని, అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసిన వీసా కార్డో మాస్టర్ కార్డో దానికి కలుపు. మన యూపీఐ అక్కడ పనికిరాదు. ఒకేసారి 200 యువాన్లు దాటి చెల్లిస్తే విదేశీ కార్డుకి 3 శాతం రుసుము పడుతుంది, అందుకని ముగ్గురి టికెట్లూ ఒక బిల్లులో కొట్టకు. హోటల్ వైఫైలో గూగుల్, వాట్సాప్ రావు. మన సిమ్ముకి రోమింగ్ వేయించుకుంటే వస్తాయి, ఎందుకంటే ఆ డేటా మన దేశం మీదుగా తిరిగి వస్తుంది.

మట్టి సైనికుల మ్యూజియం ఊళ్లో లేదు, లింతోంగ్‌లో ఉంది. టికెట్టు 120 యువాన్లు. మెట్రో 9వ లైనులో హ్వాఛింగ్‌చి స్టేషన్లో దిగి అక్కణ్ణుంచి సిటీ బస్సెక్కండి. రైల్వే స్టేషన్ బయట ‘టూరిస్టు బస్సు’ అని పిలిచేవాళ్ల జోలికి పోవద్దు. నకిలీ బొమ్మలు పెట్టిన ప్రదర్శనకి తీసుకెళ్లి సగం రోజు తినేస్తారు.

లోపల మూడు గుంటలున్నాయి. అందరూ మొదటి గుంటకే పరిగెడతారు. అది 230 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు. దాన్ని ముందు చూసేస్తే మిగతా రెండూ కంటికి ఆనవు. అందుకని మూడోది, రెండోది, చివరికి మొదటిది చూడండి. రెండో గుంటలో అద్దాల పెట్టెలో మోకాలి మీద కూర్చున్న విలుకాడు ఉంటాడు. అతని వెనక్కి వెళ్లి వంగి, పైకి లేచిన చెప్పు అడుగు చూడు. కుట్లు కనిపిస్తాయి: వేళ్ల దగ్గర, మడమ దగ్గర దట్టంగా, మధ్యలో పలచగా. రెండువేల రెండువందల ఏళ్ల కిందటి చెప్పులు కుట్టేవాడి పనితనమంతా మట్టిలో దిగింది. పైకప్పు కూలినప్పుడు నిలబడ్డ బొమ్మలు ముక్కలయ్యాయి, ఇతను కిందకి కూర్చుని ఉండటంతో దక్కాడు. వీళ్లందరికీ ఒకప్పుడు రంగులుండేవి. తవ్వి తీయగానే పొడిగాలికి అడుగునున్న లక్క పూత ముడుచుకుని నిమిషాల్లో రాలిపోయింది. మొదటి గుంటలో ముందు కటకటాల దగ్గరే అందరూ ఎగబడతారు. మీరు పక్క దారిన చివరిదాకా నడవండి, అక్కడ అతుకుపెట్టే పని సగంలో ఉన్న బొమ్మలుంటాయి.

1980లో దొరికిన కంచు రథాలు వేరే చోట, ఆ చక్రవర్తి సమాధి దిబ్బ దగ్గరి తోటలో ఉన్నాయి. టికెట్టు అదే, బస్సు ఉచితం. సంగతి తెలియక సగంమంది చూడకుండానే వచ్చేస్తారు. మొత్తం మీద నడక ఎక్కువ. అమ్మ మోకాళ్లకి బ్యాటరీ బండి ఎక్కించు, డబ్బు చూసుకోకు.

ఊరి గోడకి ఒక సాయంత్రం ఉంచు. చుట్టూ 13.74 కిలోమీటర్లు, 12 మీటర్ల ఎత్తు. దక్షిణ ద్వారం దగ్గర ఎక్కితే పైనే సైకిళ్లు అద్దెకిస్తారు, ఒక చుట్టుకి గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. నేల ఇటుక పరుపు, కుదుపు బాగా ఉంటుంది. వాన పడితే సైకిళ్లివ్వరు. అమ్మానాన్నా కొంత దూరం నడిచి దిగిపోతే చాలు.

ఈ గోడ మింగ్ వంశపు పద్నాలుగో శతాబ్దిది. అంతకుముందు టాంగ్ వంశం కాలంలో ఇదే ఊరు చాంగాన్ అనే పేరుతో ఇంతకి ఏడింతలుండేది. అందుకే అప్పుడు ఊరి లోపల ఉన్న పెద్ద హంస గోపురం ఇప్పుడు గోడకి దక్షిణంగా నాలుగు కిలోమీటర్ల అవతల పడింది. అది మాత్రం మానకు. మన అమరావతి దగ్గరి ధాన్యకటకంలో నెలల తరబడి చదువుకున్న హ్యూయాన్‌త్సాంగ్ 645లో తిరిగెళ్లి, తెచ్చిన గ్రంథాలు దాచడానికి 652లో కట్టించిన గోపురం అది. గుడికి ఒక టికెట్టు, పైకెక్కడానికి మరొకటి. పైన ఖాళీ గదులు, కిటికీలు తప్ప పెద్దగా ఏమీ లేదు. అసలు చూడాల్సింది కిందే. గోపురం దక్షిణ ద్వారానికి అటూ ఇటూ రెండు శాసనాలు, 653 నాటివి, ఆ కాలపు పేరున్న లేఖకుడు చూ సుయ్‌ల్యాంగ్ చేతిరాత. ఒకటి కుడి నుంచి ఎడమకి, రెండోది ఎడమ నుంచి కుడికి చెక్కారు. రెండూ ద్వారానికి అటూ ఇటూ అద్దంలో బింబంలా సరిపోవాలని ఆ ఏర్పాటు.

షాన్షీ చరిత్ర మ్యూజియం సోమవారం మూసేస్తారు, టికెట్లు విడుదలైన కాసేపటికే అయిపోతాయి. దొరక్కపోతే దిగులు పడకు. చిన్న హంస గోపురం పక్కనున్న షియాన్ మ్యూజియం ఉచితం, రద్దీ తక్కువ. దానికి సెలవు మంగళవారం.

రాత్రి తిండికి డోలు గోపురం వెనక ముస్లిం వీధికి వెళ్లండి. అక్కడ పంది కొవ్వు వాడరు, అమ్మకి ఆ భయం ఉండదు. మాంసం మాత్రం ప్రతి మూకుట్లోనూ ఉంటుంది. ‘వో ఛీ సూ’ అంటే శాకాహారం తింటానని అర్థం, అదైనా నేర్చుకో. ల్యాంగ్‌పీ అని చల్లటి పిండి పట్టీల మీద మిరపనూనె పోసి ఇస్తారు, అమ్మ నోటికి పడుతుంది. వెనక సందులో పెద్ద మసీదుంది, చూడ్డానికి చైనా గుడిలా ఉంటుంది. తోటంతా తిరగొచ్చు, ప్రార్థన హాల్లోకి మాత్రం రానివ్వరు. వీధి గోలలో పడకముందే, పగలు చూసేయండి.

మావయ్య