గాజు తొట్టిలో రంగు చేపలు: మీ నీటిని బట్టే ఎంపిక

సందేహం: కైకలూరు ప్రాంతంలో బొచ్చె, శీలావతి సాగు చేస్తున్న రైతులం. పిల్లల ముచ్చట కోసం రెండడుగుల గాజు తొట్టి కొని, బోరు నీటితో నింపి, అదే సాయంత్రం రెండు గోల్డ్‌ఫిష్‌లు, రెండు ఏంజెల్‌లు, ఆరు గప్పీలు, నాలుగు చిన్న షార్కులు వేశాము. తొట్టిని శుభ్రం చేస్తుందని చెబితే ఒక సక్కర్ చేపను కూడా తెచ్చాము. వారం తిరగకముందే చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తూ చనిపోవడం మొదలైంది. ప్రతి ఆదివారం నీరంతా తీసేసి, రాళ్లను, ఫిల్టరును సబ్బుతో కడుగుతున్నా చావులు ఆగడం లేదు. ఎలాంటి చేపలు వేసుకోవాలి? మిగిలిన వాటిని మా చెరువులో వదిలేయవచ్చా?

సలహా: మిగిలిన చేపల్లో ఒక్కదాన్ని కూడా చెరువులో వదలవద్దని ముందుగా కోరుతున్నాను. అందుకు కారణాలు కింద వివరిస్తాను.

మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే, ఇది జబ్బు కంటే అమ్మోనియా వల్ల జరుగుతున్న నష్టంగానే కనిపిస్తోంది. చేప మొప్పల నుంచి వెలువడే అమ్మోనియాను, తినకుండా మిగిలిన మేత కుళ్లినప్పుడు పుట్టే అమ్మోనియాను చెరువులో ప్లాంక్టన్ (నీటిలో తేలియాడే సూక్ష్మజీవులు) కొంత వాడుకుంటుంది, అడుగు మట్టిలోని బాక్టీరియా కొంత మార్చేస్తుంది. గాజు తొట్టిలో మట్టి లేదు, ప్లాంక్టన్ లేదు. అక్కడ ఫిల్టరు స్పాంజీలోనూ, రాళ్ల మీదా పెరిగే బాక్టీరియాయే ఆ పని మొత్తం చేయాలి. వాటిలో ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండూ తగినంతగా పెరగడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు మొదటి రోజే పదిహేను చేపలు వేశారు. ఆపైన వారం వారం సబ్బుతో కడగడం వల్ల అప్పుడప్పుడే మొలకెత్తుతున్న బాక్టీరియా పోయి, వ్యవహారం ప్రతిసారీ మొదటికి వచ్చింది. సబ్బు ఏమాత్రం మిగిలినా మొప్పలు దెబ్బతింటాయి కనుక ఇకపై తొట్టికి సంబంధించిన ఏ వస్తువుకూ సబ్బు తగలనివ్వకండి.

పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే కొలత) 7 నుంచి 8కి పెరిగితే, అదే మోతాదు అమ్మోనియాలో విషపూరితమైన భాగం సుమారు పది రెట్లవుతుందన్న సంగతి చెరువు రైతులుగా మీకు అనుభవమే. అందువల్ల మీరు చెరువు నీటిని పరీక్ష చేయించుకునే ఆక్వా ల్యాబుకే ఒక సీసాలో బోరు నీటిని, మరో సీసాలో తొట్టి నీటిని తీసుకెళ్లి పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, కఠినత్వం (నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు), ఉప్పు శాతం చూపించండి. ఏ చేపలు వేయాలో ఆ నివేదికను బట్టే నిర్ణయించుకోవాలి. దుకాణంలో నచ్చిన చేపను ముందు కొని, తరువాత నీటిని దానికి తగ్గట్టు మార్చాలని చూడడమే చాలామంది ఇళ్లలో చేపల చావులకు కారణమవుతోందని నా అభిప్రాయం.

కొల్లేరు చుట్టుపక్కల చాలాచోట్ల బోరు నీరు కఠినంగా, కొంత ఉప్పగా ఉంటుంది. అలాంటి నీటిని నియాన్ టెట్రా, డిస్కస్ వంటి చేపలు ఓర్చుకోలేవు, వాటికి కఠినత్వం తక్కువగా, కాస్త ఆమ్ల గుణం ఉన్న నీరు కావాలి. అదే నీరు మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్, గప్పీలకు బాగా సరిపడుతుంది. మోలీ అయితే ఉప్పు నీటిని కూడా తట్టుకుంటుంది. ఇవన్నీ నేరుగా పిల్లలను కనే జాతులు. ఒక్క ఆడచేప నెలకోసారి ఇరవైకి పైగా పిల్లలను పెట్టగలదు కనుక, తొట్టి కిక్కిరిసిపోకూడదనుకుంటే అన్నీ మగవాటినే తెచ్చుకోండి. పొట్ట కింద వెనుక వైపున్న రెక్క సన్నగా, కోసుగా ఉంటే మగది, వెడల్పుగా విచ్చుకుని ఉంటే ఆడది.

మీరు తెచ్చిన జోడింపు మాత్రం ఏ నీటిలోనూ నిలిచేది కాదు. గోల్డ్‌ఫిష్ చల్లని నీటి చేప, 24 డిగ్రీలు దాటని నీటిలో హాయిగా ఉంటుంది, విసర్జన కూడా ఎక్కువ. ఏంజెల్‌కు వెచ్చని నీరు, లోతైన తొట్టి కావాలి, అది పెరిగాక గప్పీ పిల్లలను మింగేస్తుంది. ఇక షార్కు పేరుతో మీకు అమ్మినది సొరచేప జాతి కాదు, బహుశా మీ ఇరుగుపొరుగు చెరువుల్లో సాగవుతున్న పంగాసియస్ పిల్లే. చెరువులో ఏడాదిలో కిలో దాటే చేపను రెండడుగుల గాజు మధ్య ఉంచితే అది బెదిరి గోడలకు కొట్టుకుని గాయపడుతుంది. దాన్ని తొట్టి చేపగా అమ్మడమే తప్పని నేను గట్టిగా నమ్ముతాను.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు తొట్టిని ఎండ పడని చోట, చదునైన గట్టి బల్లపై, కింద థర్మాకోల్ షీటు పరిచి ఉంచండి. 24 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 60 లీటర్ల నీరు పడుతుంది. రాళ్లు, గాజు కలిపితే బరువు 80 కిలోలకు పైనే ఉంటుంది. బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువగా ఉంటుంది కాబట్టి, దాన్ని ముందురోజే టబ్బులో పట్టి గాలి పంపు పెట్టి ఉంచండి. పురపాలక కుళాయి నీరు వాడేవారు కూడా క్లోరిన్ పోవడానికి ఇలాగే చేయాలి. స్పాంజి ఫిల్టరు రాత్రింబవళ్లు నడవాలి. కరెంటు గంటల తరబడి పోయే ఊళ్లలో బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు దగ్గర ఉంచుకోవడం మంచిది. మొదట నాలుగు ప్లాటీలో మోలీలో వేసి, మూడు నాలుగు వారాల తరువాత ల్యాబులో అమ్మోనియా, నైట్రైట్ రెండూ లేవని తేలాకే మరికొన్ని చేర్చండి. ఈ తొట్టికి పది, పన్నెండు చిన్న చేపలు చాలు. వారానికోసారి నాలుగో వంతు నీరు మాత్రమే మార్చి, స్పాంజీని ఆ తీసిన నీటిలోనే పిండండి. మేత రెండు మూడు నిమిషాల్లో తినేసేంతే వేయాలి. తవుడు, అన్నం మెతుకులు వేయకూడదు.

ఇక చెరువు విషయం. సక్కర్ చేప దక్షిణ అమెరికాకు చెందినది, మన రైతులు దెయ్యం చేప అని పిలుస్తున్నది దీన్నే. తొట్టిలో పాచి తిని కొన్నాళ్లు ఉపయోగపడినట్టు కనిపించినా అడుగుకు మించి పెరుగుతుంది. చెరువులో చేరితే గట్లలో బొరియలు చేసి గుడ్లు పెడుతుంది, గరుకైన ఒంటితో, ముళ్లతో వలలను చింపుతుంది, బొచ్చె, శీలావతుల మేతను పంచుకుంటుంది, పట్టినా కొనేవారుండరు. తడి ఉంటే నీటి బయట కూడా గంటల తరబడి బతుకుతుంది కనుక ఒకసారి చేరాక వదిలించుకోవడం చాలా కష్టం. గోల్డ్‌ఫిష్‌ల వంటి దుకాణపు చేపలతో చేప పేను (చేప ఒంటికి అంటుకుని బతికే పరాన్నజీవి) వచ్చే ప్రమాదమూ ఉంది, అది మీ చెరువులో ఎంత నష్టం చేయగలదో మీకు వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి బతికి ఉన్న సక్కర్‌ను, షార్కులను, గోల్డ్‌ఫిష్‌లను, ఏంజెల్‌లను కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వండి, చనిపోయిన వాటిని పాతిపెట్టండి. తొట్టి నుంచి తీసిన నీటిని కాలువలోకో చెరువులోకో పోకుండా కొబ్బరి మొక్కల మొదళ్లలో పోయండి.