మెషిన్ తర్వాత కొనొచ్చు, ముందు రోల్ కొనండి

ఏలూరు నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: నాకు 56 ఏళ్లు. వీఆర్ఎస్ తీసుకున్నాను, 34 లక్షలు చేతికొచ్చి రెండు నెలలవుతోంది. బావమరిదితో కలిసి సింథటిక్ డోర్‌మ్యాట్ల యూనిట్ పెడదామని ఆలోచన. మెషిన్లకు, షెడ్డుకు 24 లక్షలు, తిప్పుకోవడానికి 2 లక్షలు అనుకున్నాం. నెలకు 2,000 మ్యాట్లు చేసి ఒక్కోటి 150కి షాపులకు వేస్తాం. డిజైన్లు మా ఆవిడ చూసుకుంటుంది. చిన్నమ్మాయి బీటెక్ మూడో ఏడాది. దిగమంటారా?

జవాబు: దిగండి, కానీ ఈ లెక్కతో వద్దు.

అన్నిటికంటే ముందు ఒక అర్జెంటు పని. 55 దాటి వీఆర్ఎస్ తీసుకున్నవాళ్లు 60 ఏళ్లు నిండకుండానే సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో చేరొచ్చు, కాకపోతే రిటైర్మెంట్ డబ్బు అందిన 3 నెలల లోపే ఖాతా తెరవాలి. మీకు రెండు నెలలు అయిపోయాయి. ఈ వారమే పోస్టాఫీసుకో బ్యాంకుకో వెళ్లి 15 లక్షలు అందులో వేసేయండి, ఇప్పుడున్న 8.2 శాతం వడ్డీ చొప్పున మూడు నెలలకోసారి 30,750 వస్తుంది, మ్యాట్లు అమ్ముడైనా కాకపోయినా ఇంట్లో బియ్యానికి లోటుండదు. ఇంకో 6 లక్షలు అమ్మాయి చదువుకు, ఆస్పత్రి ఖర్చులకు ఎఫ్‌డీ చేసి మర్చిపోండి. మిగిలిన 13 లక్షల్లోనే మీ వ్యాపారం.

ఇప్పుడు ఆ "తిప్పుకోవడానికి 2 లక్షలు" సంగతి. మ్యాటుకు నూరు రూపాయల ఖర్చు వేసుకున్నా నెలకు 2 లక్షలు. నూలు, వెనక వేసే బ్యాకింగ్ గుడ్డ, లేటెక్స్ అనే రబ్బరు పూత ఇచ్చేవాడు కొత్తవాళ్లకు అరువివ్వడు. షాపువాడు మాత్రం రెండు నెలల అరువు లేకుండా సరుకు దింపుకోడు. గోడౌన్లో ఒక నెల సరుకు ఎప్పుడూ ఉండాలి. అంటే 6 లక్షలు ఎప్పుడూ బయటే ఉంటాయి, పనివాళ్ల జీతాలు, కరెంటు బిల్లు మళ్లీ వేరే. నేను చూసిన చిన్న యూనిట్లలో చాలావరకు మెషిన్ పాడై మూతపడలేదు, రావాల్సిన డబ్బు రాక మూతపడ్డాయి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉంటే 45 రోజుల్లో చెల్లించాలని చట్టమైతే ఉంది, కానీ రేపు కూడా సరుకు వేయాల్సిన షాపువాడి మీద దాన్ని ఎంతమంది వాడతారో మీకూ తెలుసు.

అందుకే నా సలహా: నూలును బ్యాకింగ్ గుడ్డలో గుచ్చి మ్యాటు చేసే టఫ్టింగ్ మెషిన్ జోలికి ఇప్పుడే పోకండి. తయారైన మ్యాటింగ్ రోల్స్ హోల్‌సేల్‌లో తెచ్చి, కోయించి, అంచు కుట్టించి ఆరు నెలలు అమ్మి చూడండి. 3 లక్షలు చాలు. ఏ సైజు పోతుంది, ఏ రంగు మిగిలిపోతుంది, ఏ షాపువాడు డబ్బులకు తిప్పుతాడు, అన్నీ ఆ ఆరు నెలల్లో తెలిసిపోతాయి.

రోల్ కొనేటప్పుడు వంటింటి కాటా పట్టుకెళ్లండి, సిగ్గుపడక్కర్లేదు. 40×60 సెంటీమీటర్ల ముక్క 0.24 చదరపు మీటరు, కాబట్టి 1,000 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములు) అని చెప్పిన సరుకు 240 గ్రాములు తూగాలి. తూగినా అందులో పోగు ఎంత, వెనక పూత ఎంత అని అడగాలి, పూతతో బరువు పెంచడం పాత విద్యే. నా క్లయింటు ఒకాయన చవగ్గా వచ్చిందని తెచ్చిన లాట్‌లో రెండు ఉతుకులకే వెనక లేటెక్స్ పొడిపొడిగా రాలింది, సగం సరుకు షాపుల నుంచి వెనక్కొచ్చింది. మీరు ఒక ముక్కను బకెట్ నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే పిండి, పట్టకారుతో పోగు లాగి చూడండి. ఇంకో ముక్కను డాబా మీద ఎండలో పడేయండి. పాలీప్రొపిలిన్ చవక, మన్నుతుంది, నీళ్లు తాగదు, కానీ ఎండను తట్టుకునే మందు, అదే యూవీ స్టెబిలైజర్, కలపకపోతే ఎండకు పెళుసెక్కి విరిగిపోతుంది. నీళ్లు తాగదు కాబట్టే బాత్‌రూమ్ గుమ్మం దగ్గర అది పనికిరాదు, తడి కాళ్లు తడిగానే ఉంటాయి. వీధి గుమ్మానికి మట్టి గీకేది వేరు, లోపలికి తడి పీల్చేది వేరు. నైలాన్ తొక్కినా మళ్లీ లేచి నిలబడుతుంది, ధర మాత్రం ఎక్కువ.

మీ ఆవిడకు ఒక మాట: దేవుడి బొమ్మలు, ఓంకారాలు అస్సలు వద్దు, కాళ్లు పెట్టే చోట ఎవరూ కొనరు. లేత రంగులు షాపులో బాగుంటాయి, వానాకాలం బురదకు వారంలో మాసిపోతాయి. పానిపట్ నుంచి వచ్చే చవక సరుకుతో ధరలో పోటీ పడలేరు. లాడ్జిలు, ఆస్పత్రులు, అపార్టుమెంట్లకు కొలతకు కోసి పేరు వేసిచ్చే పనిలో అయితే నాలుగు డబ్బులు మిగులుతాయి.

ఆరు నెలలు బాగా నడిస్తే అప్పుడు పీఎంఈజీపీ, అంటే కొత్త యూనిట్లకు బ్యాంకు అప్పుతో పాటు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం. మీ ఆవిడ పేరు మీద పెట్టండి. మహిళలకు సొంత వాటా 5 శాతమే, సబ్సిడీ పట్టణంలో 25 శాతం, పల్లెలో 35 శాతం. 20 లక్షల ప్రాజెక్టుకు ఏలూరులో 5 లక్షలు, పక్క పల్లెలో షెడ్డు వేస్తే 7 లక్షలు. ఆ సబ్సిడీ మూడేళ్లు బ్యాంకులోనే ఉంటుంది, చేతికి రాదు. కొత్త యూనిట్లకే ఇస్తారు, కాబట్టి తొందరపడి ముందే తయారీ మొదలుపెట్టేస్తే అర్హత పోతుంది. ఈ పథకాన్ని 2025-26 వరకు మంజూరు చేశారు, ఇప్పుడెలా ఉందో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. ఇల్లు మాత్రం తాకట్టు పెట్టకండి, తాకట్టు లేని చిన్న పరిశ్రమల అప్పులకు హామీ ఉండే సీజీటీఎంఎస్ఈ గ్యారంటీ మీద ఇమ్మని బ్యాంకును అడగండి.

జీఎస్టీ: ఆంధ్రలో సరుకు అమ్మేవాళ్లకు 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, మీ లెక్క ఏడాదికి 36 లక్షలే. కానీ తెలంగాణలోని సత్తుపల్లిలో ఒక్క షాపుకు వేసినా అది వేరే రాష్ట్రం, మొదటి బిల్లు నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి.

అన్నట్టు, మీ బావమరిది ఎంత పెడుతున్నాడో ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. అడిగారా?